పికిలిపిట్టల పంచాయితీ

కనకదుర్గకి కోపం ముక్కు మీద ఉంటుందని బెజవాడలో వాళ్ళ వీధి వీధంతా చెప్పుకునేది. పేరుకి తగ్గ పిల్ల అని మురిసిపోయిన వాళ్ళూ ఉన్నారు, తప్పుకు తిరిగిన వాళ్ళూ ఉన్నారు. షికాగో వచ్చి నాలుగేళ్ళయినా ఆ ముక్కూ మారలేదు, ఆ కోపమూ మారలేదు.

ఆ రోజు పొద్దున్నే కోపం తెప్పించింది ఒక ఈమెయిల్. రాసింది చక్రధర్. రాసింది తనకి కాదు, తన ప్రొఫెసర్ హెలెన్‌కి. తనకి కాపీ మాత్రం పెట్టాడు, ఏదో దయతలచినట్టు.

"కనకదుర్గ డేటాలో మధ్య సైజు పిట్టల పేర్లు తప్పనిపిస్తోంది. గ్రాఫ్ పంపుతున్నాను, చూడండి."

దుర్గ చూడలేదు. అప్పుడే మ్యూజియంలోకి అడుగుపెట్టిన ఆమె, ఫోన్ జేబులో పడేసి లాబ్ వైపు నడిచింది. మ్యూజియం వెనక గదుల్లో అడుగడుగునా బీరువాలే, బీరువాల నిండా దూది కూరిన పిట్టలే. కలరా ఉండల వాసనలోంచి విసవిసా నడుచుకుంటూ వెళ్ళి చక్రధర్ బల్ల ముందు నిలబడింది.

"నా డేటా తప్పా?"

చక్రధర్ హెడ్‌ఫోన్స్ తీశాడు. "గుడ్ మార్నింగ్."

"గుడ్ మార్నింగ్ సంగతి తర్వాత. తప్పని హెలెన్‌కి రాశావా లేదా?"

"తప్పని రాయలే. తప్పనిపిస్తున్నదని రాసిన."

"రెండిటికీ తేడా ఏంటి?"

"స్టాటిస్టిక్స్‌ల చానా తేడా ఉంటది."

అతను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఊరు జగిత్యాల. ఏడాదిగా హెలెన్ దగ్గర పార్ట్‌టైమ్‌గా దుర్గ కొలతలకి లెక్కలు కట్టి పెడుతున్నాడు. ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆ విషయం దుర్గకి బాగానే ఉండేది. ఇవాళ మాత్రం ఆ కుర్చీని కిటికీలోంచి కింద పడేయాలనిపించింది.

గొడవ ఎందుకో తెలియాలంటే ఆ పిట్టల సంగతి తెలియాలి. ఆఫ్రికా అడవుల్లో గ్రీన్‌బుల్స్ అని ఉంటాయి, మన పికిలిపిట్టలకి దగ్గరి చుట్టాలు. వాటిలో రెండు జాతులు మరీ దగ్గర. ఒకటి ఇక్టరిన్ గ్రీన్‌బుల్, ఇంకోటి జేవియర్స్ గ్రీన్‌బుల్. రెండిటికీ ఆకుపచ్చ వీపే, పసుపు పొట్టే. రెండూ ఒకే అడవిలో, ఒక్కోసారి ఒకే గుంపులో తిరుగుతాయి. జేవియర్స్ కాస్త పెద్దది, ఇక్టరిన్ కాస్త చిన్నది. కూతలు మాత్రం వేరు.

దుర్గ కామెరూన్ అడవుల్లో చీమలతో, మలేరియాతో పోట్లాడి, వల కట్టి ఆ పిట్టల్ని పట్టింది. రెక్క కొలిచి, పెద్దదాన్ని పెద్దదనీ, చిన్నదాన్ని చిన్నదనీ రాసుకుంది. కాలికి రంగు రింగు తొడిగి వదిలేసి, తర్వాత వాటి కూతలు రికార్డు చేసింది. అక్కడే ఒక వింత బయటపడింది. కొన్ని చిన్న పిట్టలు పెద్దవాటి కూత కూస్తున్నాయి! కొన్ని పెద్దవి చిన్నవాటి కూత కూస్తున్నాయి! పక్కవాళ్ళ గొంతు అరువు తెచ్చుకునే పిట్టలు! ఆమె పీహెచ్‌డీ అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఈ నెలాఖరులో మ్యూజియం అందరి ముందూ సెమినార్. ఆ మాట కూలితే నాలుగేళ్ళ పని కూలినట్టే.

"గ్రాఫ్ చూసినవా?" అన్నాడు చక్రధర్.

"చూడను."

"చూడకుంటనే కొట్లాటకొచ్చినవా?"

"నోటితో చెప్పు, వింటా."

అతను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని చెప్పాడు. "రెండు జాతులల్ల గూడ మగది పెద్దగ, ఆడది చిన్నగ ఉంటది. అంతే గద?"

"అంతే."

"మరి చిన్న జాతిల మగదీ, పెద్ద జాతిల ఆడదీ ఒక్క సైజే అయితయి గద? వలల పడ్డది ఆడదో మగదో చూస్తె తెల్వదని నువ్వే చెప్పినవ్. మధ్యల సైజు పిట్టలకు నువ్వు పెట్టిన పేర్లు తారుమారైనయి. అవి పక్కోళ్ల కూత కూస్తలేవు దుర్గా. వాటి కూత అవే కూస్తున్నయ్."

దుర్గకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతను చెప్పింది అర్థం కాక కాదు. అర్థమయ్యే ఎక్కింది.

"నువ్వెప్పుడైనా అడవి మొహం చూశావా?"

"మాది జగిత్యాల. చూడకేం?"

"వల కట్టావా? పిట్టని చేత్తో పట్టుకున్నావా? కంప్యూటర్ ముందు కూర్చుని నా పిట్టలకి పేర్లు మారుస్తావా?"

"నేను మార్చలే. నువ్వు పెట్టిన పేర్లు నిజమేనా అని అడుగుతున్న."

ఈ కేకలకి హెలెన్ గదిలోంచి వచ్చింది. ఇద్దరిచేతా ఇంగ్లీషులో చెప్పించుకుని విని, తాపీగా ఒకటే మాట అంది. "పట్టిన ప్రతి పిట్ట దగ్గరా రక్తం చుక్క తీశావు కదా దుర్గా, అవి ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. పరీక్షకి పంపు. పిట్టలనే అడుగుదాం."

అడగాల్సిన పని లేదనే దుర్గ ఇన్నాళ్ళూ వాటిని పంపలేదు. ఇప్పుడు పంపక తప్పలేదు.

ఆ వారమంతా ఇద్దరూ కూతలు విన్నారు. హెడ్‌ఫోన్స్ ఒక జతే పనిచేస్తోంది. అందుకని ఒక చెవి ఆమెది, ఒక చెవి అతనిది. కిటికీ బయట సరస్సు మీంచి వాన కొట్టుకొస్తోంది. తల కాస్త తిప్పితే చాలు, అతని చెంప తగిలేటంత దగ్గర. అంత కోపంలోనూ దుర్గ తల తిప్పాలా వద్దా అని ఆలోచించింది. ఆలోచించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఇది పెద్దది," అంది.

"కాదు, చిన్నది."

"నా పిట్ట నాకు తెలీదా?"

"పిట్టకు తెలుసు. నీకు తెల్వద్," అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమె తల తిప్పేసుకుంది. చూస్తూ ఉంటే తను కూడా నవ్వేస్తుందని భయం.

ఇలా ఉప్పూ నిప్పూ కాస్త సర్దుకుంటున్నాయనుకునేసరికి వినాయకచవితి వచ్చింది. అది రెండువేల పదమూడు. ఆంధ్రప్రదేశ్‌ని రెండు చేస్తామని ఢిల్లీలో చెప్పేశారు. అమెరికాలో తెలుగువాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే ఏ పాట్‌లక్‌లో కలిసినా అటో గుంపు, ఇటో గుంపు. పప్పు ఎవరిది బాగుందన్న దగ్గర మొదలై నదీజలాల దగ్గర తేలేది.

దుర్గ నాన్న సూర్యప్రకాశరావు అప్పుడు షికాగో పక్కనే అరోరాలో పెద్ద కూతురు విజయశ్రీ ఇంట్లో ఉన్నాడు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడు. ఎదుటి మనిషి విన్నా వినకపోయినా రాష్ట్రం గురించి ఉపన్యాసం ఇవ్వగలడు. ఆ ఆదివారం గుడికి వెళ్ళొచ్చిన మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు.

"గుళ్ళో ఎవరో తెలంగాణ కుర్రాళ్ళకీ మనవాళ్ళకీ మాటామాటా వచ్చిందటే," అని ఫోన్‌లో చెప్పింది విజయశ్రీ. "నాన్నేమో నోరు విప్పట్లేదు. ఎవరేమన్నారో ఏంటో."

దుర్గకి మనసు చివుక్కుమంది. మర్నాడు లాబ్‌కి వెళ్ళేసరికి చక్రధర్ మంచి హుషారుగా ఉన్నాడు.

"నిన్న అరోరా గుడి కాడ మీ నాయన కనవడ్డడు. నీ ఫోన్ల ఫొటో చూసిన గద, పోల్చుకున్న. మందలిచ్చిన."

దుర్గ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. "ఏం చేశావ్?"

"మందలిచ్చిన. పెద్దమనిషి. చూసి చూడనట్టు ఎట్ల పోత?"

"అంతమందిలోనా?"

"మందిల అయితేంది? అందరి ముంగట్నే మందలిచ్చిన. మా దోస్తులు గూడ మందలిచ్చిన్రు."

"మీరందరూ కలిసి... మా నాన్నని..." దుర్గ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది. అరవై అయిదేళ్ళ మనిషి, మోకాలి నొప్పితో కుంటుకుంటూ గుడికి వెళ్తే, కుర్రకుంకలు చుట్టూ చేరి చివాట్లు పెట్టడమా? పెట్టినవాడు మర్నాడొచ్చి నవ్వుతూ చెప్పడమా? "మా నాన్న జోలికి వెళ్ళడానికి నువ్వెవడివి?"

చక్రధర్ మొహంలో నవ్వు పోయింది. "ఏందట్ల అంటున్నవ్? నీ దోస్తునని చెప్పిన అంతే."

"పైగా నా పేరు చెప్పావా!"

"చెప్తే తప్పేంది? మీ నాయనతోటి మాట్లాడెటంత వాణ్ని కాదా నేను?"

"కాదు!"

ఆ మాట గదిలో అందరికీ వినపడింది. తెలుగు రాని హెలెన్ కూడా తలెత్తి చూసింది. చక్రధర్ లాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకున్నాడు.

"సరే మేడమ్," అన్నాడు. "ఇగ మీ నాయన జోలికీ రాను, మీ పిట్టల జోలికీ రాను."

ఏడాదిలో మొదటిసారి అతను తనని మీరు అన్నాడు. ఎవరైనా తిడితే దుర్గ రెండు తిట్టగలదు. ఈ మర్యాదకి మాత్రం ఏం చేయాలో తోచలేదు. తోచక ఇంకా మండిపోయి, చక్రధర్‌ని తన ప్రాజెక్ట్ నుంచి తీసేయమని హెలెన్‌కి ఈమెయిల్ కొట్టింది. సాయంత్రానికల్లా అతన్ని చేపల విభాగానికి మార్చేశారు. పక్క కుర్చీ ఖాళీ అయింది. గెలిచానని ఎంత చెప్పుకున్నా ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

శనివారం రైలెక్కి అరోరా వెళ్ళింది. నాన్న సోఫాలో కాళ్ళు బారజాపుకుని టీవీ చూస్తున్నాడు.

"నాన్నా, వాడి సంగతి నేను చూసుకున్నాను. ప్రాజెక్ట్ నుంచే తీయించేశాను. నువ్వేం బాధపడకు."

"ఎవడి సంగతే?"

"గుళ్ళో నిన్ను మందలించాడు కదా, ఆ చక్రధర్!"

"నన్నా? మందలించాడా?" సూర్యప్రకాశరావు టీవీ సౌండ్ తగ్గించాడు. "ఆ జగిత్యాల కుర్రాడా? దగ్గరికొచ్చి దణ్ణం పెట్టాడు. మోకాలు ఎలా ఉందన్నాడు. నాకు కుర్చీ వేసి, లైన్లో నిలబడి ప్రసాదం తెచ్చిపెట్టాడు. వాడి స్నేహితులూ అంతే, ఒక్కొక్కళ్ళూ వచ్చి బాగున్నారా అంకుల్ అని అడిగారు. మంచి పిల్లలు."

"మరి ఇంటికొచ్చి మాట్లాడకుండా పడుకున్నావట?"

"పులిహోర మూడుసార్లు పెట్టించుకున్నానే. అరక్క పడుకున్నా. మీ అక్కకి చెప్తే తిడుతుందని నోరు మూసుకున్నా."

వంటింట్లోంచి విజయశ్రీ తొంగి చూసింది. "మూడుసార్లా!"

"మరి గుళ్ళో గొడవ?"

"అది నేనొచ్చేశాక, ఎవరో ఎవరితోనో."

దుర్గ నెమ్మదిగా కూర్చుంది. "కానీ నాన్నా, వాడే చెప్పాడు. మీ నాయనని మందలిచ్చిన అని. వాడి నోటితోనే."

సూర్యప్రకాశరావు ఒక్క క్షణం చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఓసి నీ తెలివి తెల్లారా! నువ్వు పుట్టకముందు కాజీపేటలో ఎన్నేళ్ళు పనిచేశానే! చేరిన కొత్తలో పోర్టరొచ్చి, కొత్త సార్‌ని మందలిద్దామని వచ్చిన అంటే నేనూ వాడి మీదకి లేచాను. అటువైపు మందలించడమంటే తిట్టడం కాదే తల్లీ. పలకరించడం. బాగున్నావా అని అడగడం."

దుర్గకి ఆ రోజు మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెద్దమనిషి, చూసి చూడనట్టు ఎట్ల పోత. అందరి ముంగట్నే మందలిచ్చిన. చివరికి తను అరిచిన ఆ ఒక్క 'కాదు!'

"చూడ్డానికి ఒకే మాట, అర్థం వేరు," అన్నాడు నాన్న కళ్ళు తుడుచుకుంటూ. "మీ పిట్టల్లాగే ఉందే!"

"నాన్నా, నువ్వూరుకో," అంది దుర్గ. ఏడుపొచ్చేసింది.

సూర్యప్రకాశరావు నవ్వు ఆపాడు. కూతురి మొహం పరీక్షగా చూశాడు. "మామూలు ఫ్రెండేనా?" అని అడిగాడు. ఆమె మొహం తిప్పుకుంటే, "సరే, మీ అక్కకి చెప్పన్లే. ముందు వెళ్ళి ఆ కుర్రాడికి సారీ చెప్పు," అన్నాడు.

సోమవారం ఆమె చేపల విభాగానికి వెళ్ళింది. స్పిరిట్ సీసాల మధ్య చక్రధర్ పని చేసుకుంటున్నాడు. తను ఏమనుకుందో, ఆ మాటకి తమ వైపు అర్థమేమిటో గబగబా చెప్పేసింది.

"సారీ," అంది.

"దేనికి?"

"నీ మాట నాకు అర్థం కాలేదు."

"మాట అర్థం కాకపోవుడు తప్పు కాదు. మా అవ్వ మాటలు సగం నాకే సమజ్ కావు." అతను గొంతు పెంచలేదు, కానీ చేతిలో పెన్సిల్ బల్ల మీదకి విసిరేశాడు. దుర్గ అతని కోపం చూడటం అదే మొదలు. "కానీ నేను మీ నాయనను తిట్టిననంటే ఎట్ల నమ్మిన్రు మీరు? ఏడాది సంది పక్కన కూసున్న. ఎన్నడన్న ఎవల్నన్న ఒక్క మాటన్ననా? నా యాస విన్నరు, టీవీల కొట్లాటలు చూసిన్రు, రెండు కలిపి నాకొక పేరు పెట్టిన్రు. నిజమేనా అని నన్నొక్క మాట అడిగితే అయిపోవు గద?"

ఆడిపోసుకోవడానికి దుర్గ ఎదుటివాడిలో తప్పు వెతికింది. దొరకలేదు.

"నాకు పనున్నది మేడమ్," అని అతను హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రమే రక్త పరీక్ష ఫలితాలు వచ్చాయి. మధ్య సైజు పిట్టలు, అరువు గొంతు పిట్టలనుకున్నవి, చిన్న జాతి మగవీ పెద్ద జాతి ఆడవీ. దాదాపు అన్నిటికీ పేర్లు తారుమారే. చక్రధర్ చెప్పింది అక్షరాలా నిజం.

"రేపు సెమినార్ అక్కర్లేదు," అంది హెలెన్. "వసంతంలో పెట్టుకుందాం. నెమ్మదిగా ఆలోచించుకో."

"వద్దు," అంది దుర్గ. "రేపే చెప్తాను."

ఆ రాత్రంతా ఆమె నాలుగేళ్ళ పనినీ, చక్రధర్‌నీ, తన నోటినీ వరసగా తిట్టుకుంది. తెల్లారేసరికి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

మధ్యాహ్నం సెమినార్ హాలు నిండింది. పిజ్జా ఉచితం కాబట్టి పురుగులవాళ్ళూ, రాళ్ళవాళ్ళూ కూడా వచ్చారు. తెర మీద పాత పేరే ఉంది: అరువు గొంతులు. దుర్గ మైకు ముందు నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"ఈ పేరు తప్పు. అరువు గొంతు పిట్టలు లేవు. రెక్క కొలిచి వాటికి పేర్లు పెట్టాను, అవేం కూస్తున్నాయో చెవులారా విన్నాను, విని కూడా నా పేర్లనే నమ్మాను. చక్రధర్ అనే ఒక స్టాటిస్టిక్స్ విద్యార్థి అది తప్పని చెప్పాడు. నేను వినలేదు. అతని మీద అరిచాను. ఇంకో విషయంలోనూ అరిచాను, అప్పుడూ తప్పు నాదే. ఇప్పుడు రక్త పరీక్ష చూపిస్తాను."

చివరి వరసలో ఒక తల పైకి లేచింది. ఒళ్ళో పిజ్జా ప్లేటుతో చక్రధర్. అతన్ని చూసినా దుర్గ ఆగలేదు, ప్రతి గ్రాఫూ చూపించింది. అంతా అయ్యాక హెలెన్ దగ్గరికొచ్చి, ఈ రెండు పిట్టల్నీ కొలతతో విడదీయలేం, వినాల్సిందే అని రాయి, అదే నీ కొత్త అధ్యాయం అంది. దుర్గ సగమే విన్నది. ఆమె కళ్ళు చివరి వరసలో ఉన్నాయి. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది.

పరుగెత్తింది. అతను బయట మెట్లు దిగుతున్నాడు. వాన జోరుగా పడుతోంది.

"ఆగు!"

ఆగాడు. "పిజ్జా కోసం వచ్చిన," అన్నాడు.

"అబద్ధం."

"అబద్ధమే." వానలో తడుస్తూ ఆమె వైపు తిరిగాడు. "మంచిగ మాట్లాడినవ్. కానీ నాకు కోపం పోలే."

నువ్వు అన్నాడని ఆమె గమనించింది. ఆ ఒక్క ముక్కకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఒళ్ళు మండింది కూడా. "పోకపోతే పోనీ! నాకు మాత్రం పోయిందా? నువ్వా చేపల దగ్గర కూర్చుంటే నాకిక్కడ పని సాగట్లేదు. అన్నం సయించట్లేదు. మా నాన్న నీ గురించి అడిగితే నోరు పెగల్లేదు. ఇదంతా నీ వల్లే! నువ్వంటే ఇష్టం నాకు, అర్థమైందా? ఎప్పట్నుంచో ఇష్టం. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చో!"

చక్రధర్ నోరు తెరుచుకుని చూశాడు. "ఇది ప్రపోజలా, బెదిరింపా?"

"రెండూనూ!"

అతని పెదవి చివర నవ్వు కదిలింది. పట్టి బిగించాడు. "మల్ల ఆర్డరేస్తున్నవ్. నువ్వు నన్ను తిడ్తవ్, నా గురించి నువ్వే అనుకుంటవ్, నువ్వే తీర్పు చెప్తవ్. నేనేమనుకుంటున్ననో ఒక్కసారన్న అడిగినవా?"

నిజమే. పిట్టల్నీ అడగలేదు, ఇతన్నీ అడగలేదు. అడగడం దుర్గకి అలవాటు లేని పని. చెంపల మీద నీళ్ళు తుడుచుకుంది, వానవో కన్నీళ్ళో ఆమెకే తెలియదు. ఒక మెట్టు దిగి, అతని ఎదురుగా నిలబడింది.

"నీకు..." గొంతు సరిచేసుకుంది. "నీకు నేనంటే ఇష్టమేనా?"

చక్రధర్ ఇన్నాళ్ళ కోపాన్నీ కాసేపు అలాగే మొహంలో ఉంచుకుని చూశాడు. తర్వాత అది ఉంచుకోవడం అతనివల్ల కాలేదు.

"గీ మాట ఏడాది కింద అడగరాదా?" అన్నాడు.